దర్యాప్తు అధికారుల కొరత శిక్షణతో తీరుతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. దేశవ్యాప్తంగా పనిచేసే సీబీఐ కూడా దర్యాప్తు అధికారులను రాష్ట్రాల నుంచి అరువు తెచ్చుకుంటోంది, రాష్ట్రాల్లోని పోలీసు స్టేషన్లలోనేమో ఒక్క ఎస్సై మీదనే అన్ని పనులూ పడుతున్నాయి, కాబట్టి దర్యాప్తు కోసమే మనుషులను విడిగా ఎంపిక చేసి మంచి శిక్షణ ఇస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం. దానితోపాటు మీరు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్సీ) కేంద్ర ఉద్యోగాలకు పెట్టే సీజీఎల్ పరీక్షకు చదువుతున్నారు కనుక సీబీఐ ఎస్సైగా వెళ్లడం మేలా, రాష్ట్ర ఎస్సైగా వెళ్లడం మేలా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, విడిగా ఎంపిక చేయడం అవసరమే, శిక్షణా అవసరమే. అయితే ఈ రెండింటికంటే ముందు కావలసింది దర్యాప్తు నేర్చుకున్న మనిషిని దర్యాప్తులోనే ఉంచడం. మన దగ్గర దర్యాప్తు నేర్పే సంస్థలకు కొరత లేదు. నేర్చుకుని వచ్చినవాడు మరుసటి నెల ఎక్కడ ఉంటాడో ఎవరూ చెప్పలేకపోవడంలోనే అసలు చిక్కు ఉంది. నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సైగా చేరి, శాంతిభద్రతల స్టేషన్లలోనూ సీఐడీలోనూ పనిచేసి, కొన్నేళ్లు, మాతృశాఖ నుంచి తాత్కాలికంగా అరువు వెళ్లే డెప్యుటేషన్‌పై సీబీఐలో ఉండి, డీఎస్పీగా పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత దర్యాప్తు పాఠాలు చెప్పడానికి శిక్షణ సంస్థలకు వెళ్తున్నాను. కింద రాస్తున్నది ఆ అనుభవం నుంచి వచ్చినదే.

మన దేశంలో జాతీయ పోలీసు దళమనేది లేదన్న సంగతి మొదట గుర్తుంచుకోవాలి. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో ఉంది. సీబీఐ 1963 ఏప్రిల్ 1న కేంద్ర హోంశాఖ తీర్మానంతో ఏర్పడింది. దానికి దర్యాప్తు అధికారం సంక్రమించేది 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం నుంచి. న్యాయస్థానాలు అప్పగించిన కేసులను మినహాయిస్తే, ఆ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం ఏ రాష్ట్రంలో దర్యాప్తు చేయాలన్నా ఆ రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ కేసు కేసుకూ విడిగా అడగనక్కర్లేకుండా ముందే ఇచ్చే సాధారణ సమ్మతిని 2018 నవంబరులో ఉపసంహరించి 2019లో తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2022లో ఉపసంహరించింది. ముంబై దాడుల తర్వాత 2008లో వచ్చిన జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చట్టంలో ఇటువంటి సమ్మతి నిబంధన లేదు గానీ, ఆ సంస్థకు కూడా సిబ్బందిలో పెద్ద భాగం రాష్ట్రాల నుంచీ కేంద్ర బలగాల నుంచీ రావలసిందే. అంటే అధికార పరిధి కోసం ఒకసారి, మనుషుల కోసం మరొకసారి, కేంద్ర సంస్థలు రాష్ట్రాల వైపు చూడక తప్పదు.

సీబీఐలో మంజూరైన పోస్టులు ఏడు వేలకు కాస్త పైన. వాటిలో చెప్పుకోదగ్గ భాగం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఎస్సై పోస్టుల్లో కొన్ని ఎస్ఎస్సీ నిర్వహించే సీజీఎల్ ద్వారా నేరుగా భర్తీ అవుతాయి, ఇన్‌స్పెక్టరు నుంచి పై స్థాయిల్లో డెప్యుటేషన్ వాటా ఎక్కువ. ఈ డెప్యుటేషన్ ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూస్తే ఖాళీలు ఎందుకు నిండవో అర్థమవుతుంది. కేంద్రం నుంచి పేర్లు పంపమని లేఖ వస్తుంది. జిల్లా ఎస్పీ తన మంచి ఇన్‌స్పెక్టరును వదులుకోవడానికి ఇష్టపడడు, ఎందుకంటే వచ్చే నెల బందోబస్తుకు అతనే కావాలి. ఆ ఇన్‌స్పెక్టరుకూ వెళ్లాలని ఉండదు. స్టేషను హోదా పోతుంది, పిల్లల చదువు మధ్యలో ఢిల్లీకో ముంబైకో ఇల్లు మార్చాలి, తిరిగి వచ్చేసరికి తన బ్యాచ్ వాళ్లు పదోన్నతుల్లో ముందుకు పోయి ఉంటారేమోనన్న భయం ఒకటి. చివరికి ఎవరిని వదిలితే జిల్లాకు ఇబ్బంది లేదో వారి పేరే పైకి వెళ్తుంది. డెప్యుటేషన్‌పై వచ్చినవారిలో ఆణిముత్యాలు లేరని నేను అనను, అటువంటి వారి దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కాని వారు సొంత ఆసక్తితో పట్టుబట్టి వచ్చినవారు, వ్యవస్థ ఏరి పంపినవారు కారు.

2025 మార్చిలో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ పరిస్థితిని గమనించి, సీబీఐకి సొంత నియామక విధానం ఉండాలనీ, డెప్యుటేషన్‌ను అనుభవం అవసరమైన కొన్ని పై స్థాయి పోస్టులకే పరిమితం చేయాలనీ, సైబర్ నేరాలు, ఫోరెన్సిక్, ఆర్థిక మోసాల వంటి రంగాల్లో బయటి నిపుణులను తీసుకోవాలనీ సిఫారసు చేసింది. నేను దీనితో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. డెప్యుటేషన్‌పై వచ్చే ఇన్‌స్పెక్టరు తన రాష్ట్రపు భాషను, రెవెన్యూ రికార్డుల తీరును, ఊళ్ల రాజకీయాన్ని వెంట తీసుకువస్తాడు. పహాణీ చూసి అందులో ఏ గడి దిద్దారో చెప్పగలిగినవాడు, అడంగల్‌కూ వన్‌-బీకీ తేడా తెలిసినవాడు మన వైపు భూముల కేసులో దొరకడం ఎంత అవసరమో, ఉత్తరాది అధికారుల మధ్య కూర్చుని పనిచేసిన మాకు తెలుసు. కాబట్టి ఇన్‌స్పెక్టరు, డీఎస్పీ స్థాయిల్లో కొంత వాటా డెప్యుటేషన్‌కు మిగల్చాలి. అయితే ఆ వాటాకు అధికారిని ఎంచుకునే హక్కు కేంద్ర సంస్థకు ఉండాలి, వదిలిపెట్టే బాధ్యత రాష్ట్రానికి ఉండాలి.

సీబీఐ దర్యాప్తు రాష్ట్ర పోలీసు దర్యాప్తు కంటే పకడ్బందీగా ఉంటుందని అందరూ అంటారు. అన్నిసార్లూ అది నిజం కాదు. నిజమైన చోట కూడా అందుకు కారణం అక్కడి అధికారులు ఎక్కువ తెలివైనవారు కావడమో, ఘాజియాబాద్‌లోని సీబీఐ అకాడమీ పాఠాలు గొప్పవి కావడమో అనుకుంటే పొరపాటు. అక్కడ ఒక దర్యాప్తు అధికారి చేతిలో ఒకేసారి ఉండే కేసులు తక్కువ. అతనికి వినాయక నిమజ్జనం బందోబస్తు ఉండదు, మంత్రిగారి కాన్వాయ్ ఉండదు. ప్రతి దశలోనూ సంస్థలోని న్యాయ సలహాదారు (లా ఆఫీసరు) కూర్చుని, ఈ పత్రాన్ని ఎవరి ద్వారా రుజువు చేస్తావు, ఈ సంతకాన్ని ఎవరు గుర్తిస్తారు అని అడుగుతూ ఉంటాడు. కోర్టులో కేసు నడిచేటప్పుడు సాక్షులను హాజరుపరచి వెంట ఉండి చూసుకోవడానికి పైర్వీ అధికారి అని వేరే మనిషి ఉంటాడు. దర్యాప్తులో ఏ రోజు ఏం చేశారో రాసే కేస్ డైరీలను పై అధికారి నిజంగా చదువుతాడు. ఈ ఏర్పాటులో సగటు ఎస్సైని పెట్టినా మంచి చార్జిషీటు వస్తుంది. ఇవేవీ లేని చోట ప్రతిభావంతుణ్ణి పెట్టినా గడువు తరుముతుంటే తొంభయ్యో రోజు రాత్రి రాసిన చార్జిషీటే వస్తుంది.

సత్యం కంప్యూటర్స్ కేసు ఇందుకు మనందరికీ తెలిసిన ఉదాహరణ. 2009 జనవరి 7న కంపెనీ లెక్కలు తారుమారు చేశానని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న లేఖ బయటపడ్డాక మొదట రాష్ట్ర సీఐడీ కేసు పెట్టి అరెస్టులు చేసింది. ఫిబ్రవరిలో కేసు సీబీఐకి వెళ్లింది. సీబీఐ ఆ పనిని ఒక ఇన్‌స్పెక్టరు నెత్తిన వేయకుండా, వేర్వేరు రంగాలు తెలిసినవారితో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేసి డీఐజీ స్థాయి అధికారి కింద ఉంచింది. ఏప్రిల్ 7న, అంటే అరెస్టుల నాటి నుంచి లెక్కించే తొంభై రోజుల గడువు ముగియబోతుండగా, మొదటి చార్జిషీటు దాఖలైంది. ఏడు వేలకు పైగా నకిలీ ఇన్‌వాయిసులను కంపెనీ కంప్యూటర్లలో పట్టుకోవడం, వాటిని బ్యాంకు ఖాతాలతో సరిపోల్చడం లాఠీ పట్టుకున్న చేయి ఒంటరిగా చేయగలిగే పని కాదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులు పదిమందినీ దోషులుగా నిర్ధారించింది. ఆ ఫలితంలో బృందం కూర్పుకు ఎంత వాటా ఉందో, వ్యక్తుల సామర్థ్యానికీ అంతే ఉంది.

ఇక రాష్ట్రాల సంగతికి వద్దాం, ఎందుకంటే దేశంలో నమోదయ్యే నేరాల్లో దాదాపు అన్నింటినీ దర్యాప్తు చేసేది అక్కడి ఎస్సైలూ సీఐలే. దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి వేరు చేయాలని జాతీయ పోలీసు కమిషను చెప్పింది, లా కమిషను 1996లో తన 154వ నివేదికలో చెప్పింది, ఆ తర్వాత నేర న్యాయవ్యవస్థ సంస్కరణలపై వేసిన మలిమత్ కమిటీ చెప్పింది. పోలీసు సంస్కరణలపై నడిచిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన ఏడు ఆదేశాల్లో ఇదీ ఒకటి. పది లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న నగరాలతో మొదలుపెట్టి క్రమంగా చిన్న పట్టణాలకు విస్తరించమని కోర్టు దారి కూడా చూపింది. దాదాపు ఇరవై ఏళ్లయినా, చాలా చోట్ల ఈ వేరు చేయడం పేరుకు మాత్రమే జరిగింది. హైదరాబాదులో స్టేషను ఇన్‌స్పెక్టరుతోపాటు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు, మనం డీఐ అని పిలుచుకునే పోస్టు, చాలాకాలంగా ఉంది. అది మంచి ఏర్పాటు. అయితే నిమజ్జనం రోజున, బోనాల రోజున, ఎన్నికల రోజున ఆ డీఐ ఎక్కడ ఉంటాడో అడగండి. రోడ్డు మీదనే ఉంటాడు. పోస్టు వేరు చేస్తే చాలదు, ఆ మనిషి రోజులను వేరు చేయాలి. ఏ పరిస్థితుల్లో దర్యాప్తు సిబ్బందిని బందోబస్తుకు వాడుకోవచ్చో, అందుకు ఎవరి రాతపూర్వక అనుమతి కావాలో ఉత్తర్వులో ఉంటే తప్ప ఈ వేర్పాటు నిలబడదు.

రోజులు పోతే ఏమవుతుందో చెప్తాను. నిందితుడు రిమాండులో ఉన్నప్పుడు నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. ఆ గడువులో జాతర, పుష్కరాలు, ముఖ్యమంత్రి పర్యటన అంటూ వారాలు కరిగిపోతాయి. బందోబస్తు నుంచి వచ్చిన ఎస్సై ఒక్కసారిగా కూర్చుని వెనకటి తేదీలతో కేస్ డైరీలు పూర్తిచేస్తాడు. ఏ రోజు ఎక్కడున్నాడన్నది స్టేషనులో రోజువారీ రాకపోకలు రాసే జనరల్ డైరీలోనూ, ఫోను టవర్ల రికార్డులోనూ వేరేగా ఉంటుంది. అనుభవమున్న డిఫెన్సు న్యాయవాది మొదట వెతికేది అదే.

నేను డీఎస్పీగా పర్యవేక్షించిన ఒక సర్కిల్లో జరిగిన హత్య కేసు సంగతి చెప్తాను, ఊరూ పేరూ అనవసరం. ఒంటరిగా ఉండే ముసలామెను నగల కోసం చంపారు. మొదటి సీఐ చురుకైనవాడు, వారంలోపే నిందితుణ్ణి పట్టుకుని, అతను చూపించిన చోట నగలను స్వాధీనం చేసుకున్నాడు. ఇంతలో ఎన్నికలు వచ్చాయి. సొంత జిల్లాలో ఉన్నవారినీ, నాలుగేళ్లలో మూడేళ్లు ఒకే జిల్లాలో పూర్తిచేసినవారినీ మార్చాలన్న ఎన్నికల సంఘం నియమం ప్రకారం ఆయన వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినాయన సాక్షులను మళ్లీ విచారించకుండా పాత వాంగ్మూలాల మీదే ముందుకు పోయాడు, ఆయన కూడా బదిలీ అయ్యాక మూడో ఆయన చార్జిషీటు వేశాడు. విచారణ కొన్నేళ్ల తర్వాత మొదలైంది. నగల స్వాధీనానికి సాక్షిగా, అంటే మధ్యవర్తిగా సంతకం పెట్టిన వీఆర్వో, తాను కాగితం మీద సంతకం పెట్టింది స్టేషనులోనని సాక్ష్యం చెప్పాడు. నగలు దొరికిన చోటు ఎలా ఉంటుందని అడిగితే కోర్టులో చెప్పగలిగినవాడు మొదటి సీఐ ఒక్కడే, ఆయనకు సమన్లు వెళ్లింది పాత చిరునామాకు. కేసు కొట్టేశారు. ఈ ముగ్గురిలో ఎవరికీ దర్యాప్తు రాదని నేను చెప్పలేను. ముగ్గురూ శిక్షణ పొందినవారే, ఇద్దరికి రివార్డులు కూడా ఉన్నాయి.

కొరతకు మరో కారణం చట్టాల్లోనే ఉంది, దీన్ని బయటివారు పెద్దగా గమనించరు. కొన్ని చట్టాలు ఫలానా హోదాకు తక్కువైన అధికారి దర్యాప్తు చేయకూడదని చెప్తాయి. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టరు, అంతకంటే పై అధికారి మాత్రమే దర్యాప్తు చేయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాల్లో 7వ నియమం డీఎస్పీ స్థాయిని అడుగుతుంది. ఈ జాగ్రత్తకు కారణం ఉంది, ముఖ్యంగా రెండో దాన్ని సడలించాలని నేను అనను. కాని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వచ్చే ఫిర్యాదుల వరదలో, ఫోనుకు ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్న ప్రతి కేసూ ఇన్‌స్పెక్టరు బల్ల మీదకే రావాలంటే పని కదలదు. ఈమధ్య చేరుతున్న ఎస్సైల్లో, కానిస్టేబుళ్లలో ఇంజినీరింగు చదివినవారు ఎంతమందో ఉన్నారు. వారి చదువును కేసుకు వాడుకుంటాం, సంతకం మాత్రం తీరిక లేని ఇన్‌స్పెక్టరుది. ఐటీ చట్టంలో ఈ హోదాను ఎస్సైకి దించి, సైబర్ శిక్షణ పూర్తిచేసినవారికే అన్న షరతు పెట్టడం మేలని నా అభిప్రాయం. హెడ్ కానిస్టేబుళ్ల విషయమూ ఇంతే. కింది స్థాయి అధికారిని దర్యాప్తుకు పంపేటప్పుడు ఏ హోదా వరకు పంపవచ్చో నిర్ణయించే అధికారాన్ని పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత రాష్ట్ర ప్రభుత్వానికే వదిలింది. చిన్న దొంగతనాలు, కొట్లాటలు చూడటానికి ఇరవై ఏళ్ల అనుభవమున్న హెడ్ కానిస్టేబులుకు పరీక్ష పెట్టి అర్హత ఇస్తే, ఎస్సైకి పెద్ద కేసులకు ఊపిరి సలుపుతుంది.

ఇప్పుడు శిక్షణ. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సైకి ప్రాథమిక శిక్షణ సుమారు ఏడాది ఉంటుంది. అందులో డ్రిల్లు, ఆయుధాలు, వ్యాయామం, చట్టాలు అన్నీ ఉంటాయి, దర్యాప్తుకు దక్కేది ఒక భాగమే. ఆ తర్వాత దర్యాప్తు మీద ప్రత్యేక కోర్సులు చెప్పే సంస్థ మన ఊళ్లోనే ఉంది. హైదరాబాదు రామంతాపూర్‌లోని కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ 1964 నుంచి నడుస్తోంది. దేశంలో ఇటువంటి వాటిలో మొదటిది 1958లో కలకత్తాలో పెట్టారు. రామంతాపూర్ సంస్థ పక్కనే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉండటం గొప్ప సదుపాయం. రక్తపు మరకను ఎలా ప్యాక్ చేస్తే ప్రయోగశాల తిప్పి పంపుతుందో అక్కడివారే చెప్తారు. సంస్థల్లో లోపం పెద్దగా లేదు. జిల్లాల నుంచి కోర్సుకు ఎవరిని పంపుతున్నారన్నది చూడండి. ఆ వారం ఖాళీగా ఉన్నవాడిని, లేదా వేకెన్సీ రిజర్వులో పోస్టింగు కోసం ఎదురుచూస్తున్నవాడిని పంపుతారు. అతను బ్యాంకు మోసాల కోర్సు పూర్తిచేసి వెళ్తాడు, ట్రాఫిక్‌లో పోస్టింగు వస్తుంది. సెంట్రల్ క్రైమ్ స్టేషన్ (సీసీఎస్)లో బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి డబ్బు దారి పట్టడంలో దిట్ట అయిన హెడ్ కానిస్టేబులు ఒకాయన నాకు తెలుసు. పదోన్నతి రాగానే ఆయన్ను గార్డు డ్యూటీకి పంపారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

శిక్షణలో నిజంగా పనిచేసేవి ఏమిటని మీరు అడిగారు. తరగతి గదిలో సెక్షన్లు అప్పజెప్పించడం వల్ల వచ్చేది తక్కువ. నేను చూసినంతలో మూడు పద్ధతులు మనిషిని మారుస్తాయి.

మొదటిది కొట్టేసిన కేసుల తీర్పులు చదివించడం. 2014 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే ఆదేశంగా చెప్పింది. ఆరేళ్ల పాపపై అత్యాచారం, హత్య జరిగిన కేసు అది. కింది కోర్టు మరణశిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, దర్యాప్తులోని లోపాల వల్ల సుప్రీంకోర్టు కూడా నిందితుణ్ణి వదలక తప్పలేదు. డీఎన్ఏ పరీక్ష చేయించకపోవడం ఆ లోపాల్లో ఒకటి. ప్రతి రాష్ట్రంలోనూ పోలీసు, ప్రాసిక్యూషన్ సీనియర్ అధికారులతో సంఘం వేసి, కేసు ఓడిన ప్రతిసారీ కారణం పరిశీలించి, ఆ పాఠాలతో దర్యాప్తు అధికారులకూ ప్రాసిక్యూటర్లకూ శిక్షణ రూపొందించి ఏటా సవరించుకోవాలని కోర్టు చెప్పింది. ఈ ఆదేశాన్ని నిజాయితీగా అమలు చేస్తే వేరే సిలబస్ రాయనక్కర్లేదు. నేను తరగతికి వెళ్లినప్పుడు శిక్షణార్థుల సొంత జిల్లా సెషన్స్ కోర్టు తీర్పులే తీసుకెళ్తాను. సాక్షి చెప్పనిది వాంగ్మూలంలో ఎలా చేరిందో, పది మంది సాక్షుల వాంగ్మూలాలు కామాతో సహా ఒకేలా ఎందుకు ఉన్నాయో జడ్జిగారు రాసిన పేరాలు వారితోనే పైకి చదివిస్తాను. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడరు.

రెండోది బోనెక్కించడం. ఒక గదిని నేరస్థలంగా అమర్చి, శిక్షణార్థులతో పంచనామా రాయించి, వస్తువులు స్వాధీనం చేయించి, సీలు వేయించి, మర్నాడు విశ్రాంత పబ్లిక్ ప్రాసిక్యూటరుతో వారిని క్రాస్ ఎగ్జామినేషన్ చేయించాలి. కిటికీ ఏ దిక్కున ఉంది, దీపం వెలుగుతోందా, ఈ సీలు మీద సంతకం ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకే చెమటలు పడతాయి. ఆ తర్వాత ఆ ఎస్సై ఏ నేరస్థలానికి వెళ్లినా ముందు దిక్కులు రాసుకుంటాడు. సాక్షి తెలుగులో చెప్పినదాన్ని సాక్షి మాటల్లోనే, తెలుగులోనే రాయమని కూడా ఇక్కడే పట్టుబట్టాలి. ఇంగ్లీషులో రాసేసరికి పల్లెటూరి రైతు నోటి వెంట వకీలు మాటలు వస్తాయి, అవి కోర్టులో నిలవవు.

మూడోది అనుభవమున్న అధికారి వెంట పెట్టడం. ఒక హత్య, ఒక అత్యాచారం, ఒక ఆర్థిక మోసం, ఒక సైబర్ కేసు ఎఫ్ఐఆర్ నుంచి తీర్పు దాకా పక్కనుండి చూసిన తర్వాతే స్వతంత్రంగా తీవ్రమైన కేసు ఇవ్వాలి. తీర్పు దాకా చూడటమంటే సంవత్సరాలు పడుతుంది కనుక, కనీసం విచారణ నడుస్తున్న పాత కేసుల్లో సాక్షులను హాజరుపరిచే కోర్టు డ్యూటీ కొన్ని నెలలు చేయించాలి. మన స్టేషన్లలో కోర్టు డ్యూటీని చిన్నచూపు చూస్తారు, ఎవరికీ పనికిరాడనుకున్న కానిస్టేబులుకు అది అప్పగిస్తారు. నాకు తెలిసిన మంచి దర్యాప్తు అధికారుల్లో చాలామంది ఒకప్పుడు ఆ పని చేసినవారే.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాలు ఈ అవసరాన్ని ఇంకా పెంచాయి. సోదా, స్వాధీనం మొత్తాన్ని వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలి, ఈ నిబంధనను అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వ్యవధి ఇచ్చారు. తొంభై రోజుల్లోపు దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో బాధితులకు తెలియజేయాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రంలో ఇప్పుడు నిపుణుడు నింపవలసిన భాగం వేరుగా ఉంది, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా రాయాలి. ఇవన్నీ మంచివే. అయితే వెతికేవాడు ఒకడు, వీడియో తీసేవాడు ఒకడు, పంచనామా రాసేవాడు ఒకడు, జనాన్ని ఆపేవాడు ఒకడు కావాలి, అంటే ఇద్దరితో జరిగిన సోదాకు ఇప్పుడు నలుగురు కావాలి. నేరస్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ జిల్లా కేంద్రంలో ఉంటే, ములుగు వైపు అడవి మండలాల్లో శవం దొరికినప్పుడు వారు చేరేసరికి వాన వచ్చి పోతుంది. ప్రతి సబ్‌డివిజనుకు ఒక బృందం లేకుండా చట్టంలోని మాట నిలబడదు. ఈ మంజూరు ఖర్చు గురించి ఆర్థిక శాఖ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం శిక్షణ సంస్థల చేతిలో ఉండదు.

నేరుగా డిటెక్టివ్‌లుగా చేర్చుకోవడం సాధ్యమేనా అని కూడా మీరు అడిగారు. సాధ్యమే. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 2017లో, యూనిఫారంలో గస్తీ తిరిగిన అనుభవం లేకపోయినా నేరుగా డిటెక్టివ్ శిక్షణలో చేరే మార్గం తెరిచారు. అక్కడా కారణం దర్యాప్తు విభాగంలో ఖాళీలే. మన దగ్గర సీబీఐ ఎస్సై నియామకం ఒక విధంగా అటువంటిదే. రాష్ట్రాల్లో మాత్రం నా సలహా వేరు. ఒక ఎస్సై మొదటి రెండు, మూడేళ్లు మామూలు స్టేషనులో పనిచేయాలి, జనం ఎలా అబద్ధం చెప్తారో, ఎందుకు భయపడతారో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఇష్టమున్నవారిని పరీక్ష పెట్టి, వారు రాసిన కేస్ డైరీలు తెప్పించి చదివి, దర్యాప్తు విభాగంలోకి తీసుకోవాలి. అక్కడ కనీసం ఐదేళ్లు కదిలించకూడదు, ఇన్‌స్పెక్టరు, డీఎస్పీ పదోన్నతులు ఆ విభాగంలోనే దొరకాలి, స్టేషను బాధ్యుడికి దక్కే గౌరవానికి తగ్గని భత్యం ఉండాలి. పదోన్నతి కోసం బయటికి పోక తప్పదన్న పరిస్థితి ఉన్నంతకాలం తెలివైనవాడు దర్యాప్తులో ఉండడు. ఎంపికలో దేహదారుఢ్యానికి ఇచ్చే మార్కుల కంటే, ఒక గంటసేపు ఒకరి మాట విని దాన్ని తప్పు లేకుండా రాయగలడా అన్న పరీక్షకు ఎక్కువ విలువ ఇస్తాను. ఆ పరీక్షలో మహిళా అభ్యర్థులు చాలాసార్లు ముందుంటారని శిక్షణలో గమనించాను. అయినా వారిని ఎక్కువగా రిసెప్షనుకూ, మహిళల కేసులకూ పరిమితం చేస్తున్నారు, ఇది మానుకోవలసిన అలవాటు.

చివరగా మీ సొంత సందేహం. మీకు అవినీతి, బ్యాంకు మోసాలు, కాగితాల మీద నడిచే నేరాల మీద ఆసక్తి ఉంటే, దేశంలో ఎక్కడికైనా వెళ్లడానికి ఇంట్లో ఇబ్బంది లేకపోతే, సీబీఐ ఎస్సై పోస్టు మంచిది. మొదటి సంవత్సరాల్లో సొంత కేసు చేతికి రాదు, ఇన్‌స్పెక్టరు వెంట పత్రాలు సేకరించడం, పైర్వీ అధికారిగా కోర్టుల చుట్టూ తిరగడం ఉంటుంది. పదోన్నతులు నెమ్మదిగా వస్తాయి, ఇన్‌స్పెక్టరు కుర్చీలో డెప్యుటేషన్‌పై వచ్చినాయన ఉంటే మీరు ఆయన కింద పనిచేయాలి. హత్యలు, దోపిడీలు, మనుషులతో నేరుగా తలపడే దర్యాప్తు కావాలంటే రాష్ట్ర ఎస్సైగా చేరండి. అయితే చేరిన మూడో నాలుగో ఏట సీసీఎస్‌కో, సీఐడీకో, సైబర్ సెక్యూరిటీ బ్యూరోకో వెళ్లడానికి మీరే దరఖాస్తు పెట్టుకోవాలి, స్టేషను హోదా వదులుకోవడానికి సిద్ధపడాలి. దరఖాస్తుతో పాటు మీరు స్వయంగా దర్యాప్తు చేసి శిక్ష పడిన కేసుల తీర్పు ప్రతులు జతచేయండి. ఆ విభాగాధిపతులు సిఫారసు లేఖలు రోజూ చూస్తారు, తీర్పు ప్రతి జతచేసిన దరఖాస్తు వారికి అరుదుగా కనిపిస్తుంది.